36 నిమిషాల మోక్షం

కేదారనాథుడికీ భక్తుడికీ మధ్య ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచింది అజ్ఞానమని పెద్దలు పొరబడ్డారు; అది గౌరీకుండం నుంచి గుడి దాకా ఉన్న 16 కిలోమీటర్ల ఎగుడుదారి అని ఇప్పుడు తేలింది. సోన్‌ప్రయాగ నుంచి కేదారం దాకా 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 4,081 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదం తెలిపిన నాటి నుంచి, ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం 36 నిమిషాల్లో ముగిసిపోతుందన్న వాక్యాన్ని నాయకులు, యాత్రల ఏజెంట్లు, టీవీ వ్యాఖ్యాతలు పంచాక్షరి కంటె ఎక్కువ నిష్ఠతో జపిస్తున్నారు.

స్థలపురాణం మాత్రం ఈ ఉత్సాహానికి బొత్తిగా సహకరించదు. బంధువులను చంపిన పాపం పోగొట్టుకోవడానికి వెంటపడిన పాండవులకు చిక్కడం ఇష్టంలేక శివుడు గుప్తకాశిలో దాగి, అక్కడి నుంచి వృషభరూపంలో పారిపోయి భూమిలోకి దూరిపోగా, మూపురం కేదారంలో మిగిలిందని, తక్కిన అవయవాలు వెలసిన నాలుగు చోట్లతో కలిపి వాటినే పంచకేదారాలు అంటారని ఆ కథ చెబుతుంది. దేవుడు దొరక్కపోవడం వల్లనే పుట్టిన క్షేత్రమిది. ధర్మరాజుకు ముందస్తు బుకింగు అందుబాటులో ఉండివుంటే అయిదు కేదారాల అవసరం ఉండేది కాదు. ఒక్క టికెట్టు కౌంటరు సరిపోయేది.

ఇక లెక్క సంగతి. రోప్‌వే ఒక్కో దిశలో గంటకు 1,800 మందిని, రోజుకు 18,000 మందిని చేరవేయగలదని ప్రకటించినవారు, తీగల బలాన్ని, స్తంభాల ఎత్తును లెక్కగట్టారు గాని, పైన ఉన్నది ఎప్పటికీ సాగని ఒక చిన్న రాతి గర్భగృహమన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. గుడిని రోజుకు 15 గంటలు తెరిచివుంచినా చేతికి వచ్చేవి 54,000 సెకన్లు. వాటిని 18,000 మందికి సమానంగా పంచితే మనిషికి మూడు సెకన్లు. అదీ నడిచి వచ్చేవారు, గుర్రాలెక్కి వచ్చేవారు, హెలికాప్టర్లలో దిగేవారు ఒక్కరూ ఆ రోజు రాకపోతేనే. మూపురం ఆకారంలోని ఆ శిలకు భక్తుడు తన చేతితో నెయ్యి పూయడం ఇక్కడి ఆచారం. మూడు సెకన్లలో నేతి సీసా మూత కూడా రాదు.

మూడు సెకన్ల దర్శనం కోసం తెలుగు భక్తుడు హిమాలయాల దాకా పోనవసరం లేదు. జయవిజయుల గడప దగ్గర "జరగండి, జరగండి" అన్న మంత్రం చెవిన పడుతుండగా, కళ్లు తెరిచేలోపు బయటికి చేరుకునే విద్యలో అతడు తిరుమలలోనే ఆరితేరాడు. కేదారం చేరే దారిలో రోప్‌వే మిగిల్చిన ఎనిమిది గంటలు గుడి ముందు వరుసలో ఖర్చయిపోతాయి. వైకుంఠం పేరిట క్యూ కాంప్లెక్సు ఏడుకొండల మీద ఇప్పటికే ఉన్నందున, తరువాతి ప్రకటన కైలాసం క్యూ కాంప్లెక్సు గురించే కావచ్చు.

కేదారంలోని ఆ వరుస కూడా 3,583 మీటర్ల ఎత్తున. ప్రాణవాయువు పలుచబడిన గాలికి శరీరం క్రమంగా అలవాటుపడాలి. అలా అలవాటుపడకముందే పైకి చేరినవారికి వచ్చే తలనొప్పి, వాంతులు, ఆయాసాన్ని పర్వతవ్యాధి అంటారు, అది ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి చనిపోవచ్చు. నడక ఇచ్చే ఆ కాస్త వ్యవధిని కూడా తీసేసి, వృద్ధుల సౌకర్యం కోసమే ఇదంతా అని చెప్పడం సిగ్గులేనితనం. వృద్ధుల మీద నిజంగా అంత దయ ఉంటే కేబిన్లన్నీ వారికే కేటాయిస్తామని ఒక్క ప్రకటనైనా వచ్చివుండేది.

2013 జూన్‌లో గుడికి ఎగువనున్న చోరాబారీ సరస్సు తెగి, దారిలోని రాంబాడా అనే మజిలీ ఆనవాలు లేకుండా కొట్టుకుపోయి, వేలమంది చనిపోయారు. ఆ వరదలో దొర్లివచ్చి గుడి వెనుక ఆగిన బండకు భీమశిల అని పేరు పెట్టి దండం పెట్టుకుంటున్నారు. ఆ బండ ఎందుకు దొర్లిందని అడిగినవాడు మాత్రం అభివృద్ధి విరోధి. 2025 జూన్ 15న గౌరీకుండం దగ్గర హెలికాప్టరు కూలి, పసిపాపతో సహా ఏడుగురు చనిపోతే, ఆ ఏడుగురి ప్రాణాల గురించి సాగిన చర్చకంటె సర్వీసులు మళ్లీ ఎప్పుడన్న వాకబే ఎక్కువగా వినిపించింది. ఈ కొండకు మోయగల బరువు ఇంత అని ఒక హద్దు ఉంటుందని, దాన్ని దాటితే దేవుడు కాదు గదా ఇంజనీరు కూడా కాపాడలేడని చెప్పడానికి ఇంకెన్ని శవాలు కావాలి?

కండీలలో, అంటే వీపున కట్టుకునే బుట్టలలో, యాత్రికులను మోసి బతికేవారి ఊసు ఎవరికీ పట్టలేదు. 2022లో ఈ దారిన వందకు పైగా గుర్రాలు, కంచరగాడిదలు చచ్చాయి. వాటి పేరును రోప్‌వేకు సమర్థనగా వాడుకుంటున్నారు గాని, వాటికి నీళ్లు, విశ్రాంతి ఇవ్వడానికి 4,081 కోట్లు అక్కరలేదు.

ఈ ప్రాజెక్టువల్ల ఏడాది పొడవునా ఉపాధి లభిస్తుందని కూడా ప్రకటించారు. దీపావళి తరువాత భగినీహస్తభోజనం నాడు గుడి తలుపులు మూసి, స్వామివారి ఉత్సవమూర్తిని డోలీలో భుజాల మీద మోస్తూ కాలినడకన ఊఖీమఠ్ చేర్చి, మంచు కురిసే ఆరు నెలలూ అక్కడే పూజలు జరుపుతారు. మూసిన గుడికి ఆ ఆరు నెలలూ 36 నిమిషాల్లో చేరుకునేది ఎవరో ప్రకటనలో లేదు. దిగివచ్చేటప్పుడు కేదారేశ్వరుడికి కేబినులో సీటు ఇస్తారో లేదో, ఇస్తే ఆయన వయసుకు వృద్ధుల రాయితీ వర్తిస్తుందో లేదో కూడా అధికారులు ఇంకా తేల్చలేదు.