పొయ్యికన్నా పొగగొట్టం లావు

నిన్న మధ్యాహ్నం అన్నం తిని షెడ్డులో మడతమంచం వాల్చానో లేదో, రెండు వీధుల అవతల ఏదో పగిలినట్టు చప్పుడు. పగిలిందేమీ లేదు, ఓ కుర్రాడు కారు గేరు మార్చాడంతే. తిన్నగా మా గుమ్మం ముందుకే వచ్చి ఆపాడు. వెనక సీట్లోంచి అట్టపెట్టె తీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చాడు.

"బాబాయ్, హెడర్ తెచ్చా. బిగించాలి. ఇరవై హెచ్‌పీ పెరుగుద్దంట."

పెట్టె విప్పితే తళతళలాడే స్టీలు గొట్టాలు, నాలుగు. కారు చూస్తే పోలో, లీటరు టీఎస్ఐ. దానికి సిలిండర్లు మూడు.

"నాలుగోది ఎక్కడ పెట్టమంటావురా?"

బిక్కమొహం వేశాడు. స్నేహితుడెవడో తన కారుకి తెప్పించుకుని, వాడకుండా సగం ధరకి వీడికి అంటగట్టాడట. పోనీ మూడు గొట్టాలదే తెచ్చాడనుకోండి, అప్పుడైనా చేసేదేముంది? ఆ ఇంజనుకి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విడిగా లేదు. హెడ్డులోనే పోతపోసేశారు, చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. పొగ లోపలే ఒకటై, బయటికి రావడమే టర్బో మూతిలోకి వస్తుంది. ఫోన్లో బొమ్మ చూసి గొట్టం కొనడం, కొన్నాక ఇంజను వెతుక్కోవడం!

మా రోజుల్లో ఇలా కాదు. (ఈ మాట అంటానని మా ఆవిడ లోపల్నుంచి ముందే నవ్వుతుంది. నవ్వనీండి.) బెజవాడ ఆటోనగర్‌లో నేను పనికి చేరినప్పుడు, గొట్టాలు చేయించుకోవడానికి ఎవరొచ్చినా మా మేస్త్రీ ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. టీ తెప్పించి, కూర్చోబెట్టి, "ఎక్కడ తిరుగుతుందండీ బండి?" అని మొదలుపెట్టేవాడు. ఏలూరు రోడ్డా, పొలాల దారా, ఘాట్ రోడ్డా? ఎంతమంది ఎక్కుతారు? ఏ గేర్లో ఎక్కువసేపు ఉంటారు? ఇంజను ఏ ఆర్‌పీఎం దగ్గర కాపురం చేస్తుందో తేల్చుకున్నాకే గొట్టం సంగతి.

ఎందుకంటే హెడర్ పని పొగను బయటికి పంపడం ఒక్కటే కాదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఓ పీడనపు కెరటం గొట్టం వెంట పరిగెడుతుంది. గొట్టాలు కలిసేచోట ఉన్నట్టుండి ఖాళీ దొరికేసరికి, పీల్పుగా మారి వెనక్కి మళ్ళుతుంది. అది తిరిగొచ్చే వేళకి ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోక, ఇన్‌లెట్ వాల్వు అప్పుడే తెరుచుకుంటూ ఉంటే, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి దారిస్తుంది. ఉయ్యాల ఊపేవాడి చెయ్యి లాంటిది. వేళకి పడితే ఊపు, వేళ తప్పితే అడ్డం. ఆ వేళ గొట్టం పొడుగులో ఉంటుంది. పొడుగైతే తక్కువ ఆర్‌పీఎంలో, పొట్టిదైతే ఎక్కువ ఆర్‌పీఎంలో కలిసొస్తుంది. అన్నిట్లో కలిసొచ్చే గొట్టం ఇంకా పుట్టలేదు.

మా మేస్త్రీ లెక్కల పుస్తకం, అట్ట ఊడిపోయినా, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పిస్టన్ అడుగుకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుందో చూసి, దానికి 180 కలిపి, 850తో హెచ్చవేసి, కావలసిన ఆర్‌పీఎంతో భాగించి, 3 తీసెయ్యాలి. వచ్చేది అంగుళాల్లో పొడుగు. 50 డిగ్రీల ముందు తెరుచుకునే ఇంజను 6,000 దగ్గర లాగాలంటే సుమారు 29న్నర అంగుళాలు. 5,000 దగ్గరే చాలనుకుంటే 36. లావుకీ లెక్కుంది. మారుతీ ఎస్టీమ్ 1,298 సీసీ ఇంజనుకి, ఆ 29న్నర గొట్టానికి, లోపలి వ్యాసం అంగుళమ్మీద మూడో వంతు చాలు. ఇప్పటి కుర్రాళ్ళకి రెండంగుళాలకి తగ్గితే నామోషీ. లావు గొట్టంలో పొగ నింపాదిగా నడుస్తుంది. దాని ఊపే చచ్చాక పీల్పు ఎక్కడ్నుంచి వస్తుందండీ? పొగగొట్టం లావుగా ఉంటే అన్నం త్వరగా ఉడుకుతుందనుకున్నట్టుంది.

గొట్టాలు కలపడంలోనూ పద్ధతుంది. నాలుగింటినీ రెండు జతలు చేసి, ఆ రెంటినీ ఒకటి చేస్తే ఊళ్ళో తిరిగే బండికి పికప్ బాగుంటుంది. నాలుగూ ఒకేచోట కలిపితే పైన పరుగు. జతలూ ఇష్టమొచ్చినట్టు కట్టకూడదు. 1-3-4-2 వరసలో మండే ఇంజనుకి ఒకటోది నాలుగోదానితో, రెండోది మూడోదానితో. అప్పుడే జతలో రెండు పొగలూ సమానమైన ఎడంతో వస్తాయి. పాత అంబాసిడర్‌ 1,489 సీసీ ఇంజనుకైతే ఈ బెడద లేదు. ఆ హెడ్డుకి పొగ కన్నాలు మూడే. రెండో సిలిండరుదీ మూడోదానిదీ ఉమ్మడి కాపురం. దానికి మూడు గొట్టాల హెడరే చెయ్యాలి. నాలుగు కావాల్సిందేనని పట్టుబట్టిన ఒకాయనకి మా మేస్త్రీ మూడు చేసి, నాలుగోది ఊరికే పక్కన వెల్డింగ్ పెట్టి పంపాడు. పికప్ అదిరిందని ఆయన స్వీట్లు కూడా తెచ్చాడు.

తయారీ సంగతి చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ముందు లావుపాటి ఇనపతీగను హెడ్డు దగ్గర్నుంచి, స్టీరింగు తప్పించి, ఛాసిస్ తప్పించి, కలిసేచోటిదాకా వంచుకునేవాళ్ళం. నాలుగు తీగలూ చాపి కొలిస్తే ఒకే పొడుగు రావాలి. రాకపోతే మళ్ళీ వంచు. తర్వాత గొట్టంలో ఇసక పోసి, రెండువైపులా బిరడాలు కొట్టి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచడం. ఇసకుంటే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోదు. ఆ ఇసకని పెనం మీద వేయించి మరీ పొయ్యాలి. ఓసారి బద్ధకించి తడి ఆరకుండానే పోశాను. లోపల ఆవిరి పట్టి, బిరడా తుపాకీ గుండులా ఎగిరి పక్క షెడ్డు రేకుకి బొక్కపెట్టింది. ఆ రేకు డబ్బులు నా జీతంలో కోశారు.

బిగించాకా పని ఉండేది. కార్బొరేటర్ జెట్టు మార్చి, నాలుగు మైళ్ళు తిప్పుకొచ్చి, ప్లగ్గు విప్పి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలటం లేదు, మసి పడితే ఎక్కువైంది, పాలు తగ్గించిన టీ రంగుంటే ఇక ఇంటికెళ్ళొచ్చు.

అలాగని మేమేదో పుట్టు మేధావులమని కాదు. మద్రాసు దారిలో షోళవరం ఉందే, యుద్ధకాలపు పాత రన్‌వే, అక్కడ కార్ల పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ తెరిచేదాకా మా బోటివాళ్ళకి కాశీ అయినా రామేశ్వరమైనా అదే. ఓసారి లారీ ఎక్కి వెళ్ళి చూసొచ్చాను. ఓ పందెం కారు కింద పొట్టిగా, లావుగా గొట్టాలు కనబడ్డాయి. అంతే, ఒళ్ళు పులకరించిపోయింది. వస్తూనే, మేస్త్రీ ఊళ్ళో లేని సమయం చూసి, ఓ డాక్టరు గారి పద్మినికి అచ్చం అలాంటివే చేసి బిగించాను. 1,089 సీసీ బండి. ఆయన సకుటుంబంగా శ్రీశైలం బయల్దేరాడు. ఘాట్‌లో సెకండ్ గేరుకి మార్చితే బండి నీరసపడిపోవడం, మళ్ళీ ఫస్టుకి దిగడం. వెనకొచ్చిన లోడు లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయిందట. తిరిగొచ్చి ఆయన తిట్టలేదు, "మల్లన్న దర్శనం కన్నా ముందు నీ దర్శనమైందయ్యా" అన్నాడు. మేస్త్రీ మాత్రం తిట్టాడు.

కనక ఆ కుర్రాణ్ణి వెక్కిరించే హక్కు నాకు పూర్తిగా లేదు. అయినా ఒక తేడా ఉంది. నేను పరుగు కోసం చెడగొట్టాను. వీళ్ళకి కావలసింది చప్పుడు. చప్పుడుంటే వేగమున్నట్టే వీళ్ళ లెక్క. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కిస్తుంటే, ఆ ఫోటో పేపర్లో చూసి నాకు బాధేసింది, కుర్రాళ్ళ మీద కాదు, అంత మంచి స్టీలు మీద.

ఇప్పటి బండ్లతో ఆటలూ కుదరవు. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కెటలిటిక్ కన్వర్టర్ పెట్టించారు. ఇప్పుడది చాలా బండ్లలో మానిఫోల్డ్‌కి అంటుకునే కూర్చుంది. పక్కనే ఆక్సిజన్ సెన్సార్, కంప్యూటరుకి చాడీలు మోస్తూ. గొట్టం మార్చామో లేదో డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. కన్వర్టర్ పీకితే పొగ పరీక్ష తప్పుతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ పెట్టెలోని వెల్డింగు నా జన్మలో నేను వెయ్యలేదు. టిగ్ వెల్డింగ్, చేప పొలుసుల్లా వరసగా ఉంది. వంపుల్లో ఎక్కడా నొక్కు లేదు. మా గొట్టాలు రెండు వానాకాలాలకి తుప్పు పట్టేవి, వాటికి మేము చుట్టింది ఆస్బెస్టాస్ తాడు, వట్టి చేతుల్తో. ఆ దుమ్ము ఎంత మింగామో.

కుర్రాడు ఇదంతా విని, "అయితే ఏం చెయ్యమంటావ్ బాబాయ్?" అన్నాడు నీరుగారిపోయి. టైర్లు నొక్కి చూశాను. గాలి చూపిస్తే నాలుగింట్లోనూ 22, 24. కొట్టించాను. ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపితే సగం ఆటోనగర్ రాలింది. సాయంత్రం ఫోను: "బాబాయ్, పికప్ పెరిగింది!"

పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళాడు, ఎవరైనా కొంటే చెప్పమని. మా ఆవిడ దాన్ని చిక్కుడు పాదుకి ఆసరా పెడదామంటోంది. పాదుకైతే పొడుగు సరిపోతుంది, కొలిచాను.