లక్ష యెన్‌ల ఇల్లు

రాయ్‌పూర్ తెలుగువాడికి స్థలాల పిచ్చి ఎప్పుడూ తగ్గలేదు. నయా రాయ్‌పూర్‌లో ఫ్లాటు కొని, అద్దెకు మనిషి దొరక్క, ఆదివారాలు వెళ్లి కిటికీలు తెరిచి గాలి పోనిచ్చి వచ్చే పెద్దమనుషులు మాలో చాలామందే ఉన్నారు. అలాంటివారిలో ఒకరు, వ్యాగన్ రిపేర్ షాపులో రిటైరైన బాబాయిగారు. ఆయనకిప్పుడు జపాన్ పట్టుకుంది. తేలీబాంధా చెరువు గట్టున నడుస్తూ ఫోన్ చూపిస్తారు: నీగాతా ప్రాంతంలో యుజావా ఊరు, మంచుకొండలు, కింద వేడినీటి స్నానశాల, ఫ్లాటు ధర లక్ష యెన్‌లు.

"అరవై వేలు కూడా కాదయ్యా! ఏక్‌దమ్ సస్తా. ఆ డబ్బుకి ఇక్కడ మంచి స్కూటర్ రాదు."

నిజమే. విదేశీయుడైనా అక్కడ ఇల్లు, దాని కింది నేల వాటా తన పేర రాయించుకోవచ్చు, వీసా అక్కర్లేదు. కొన్నంత మాత్రాన వీసా ఇవ్వరు కూడా. ఆ ముక్క బాబాయిగారు వినిపించుకోలేదు.

1980ల చివర భూముల ధరలు నెత్తికెక్కినప్పుడు, టోక్యోవాళ్లు మంచులో జారి ఆడుకోవడానికి ఎగబడి కొన్న ఫ్లాట్లవి. తర్వాత ధరలూ జారాయి. 2023 సర్వే లెక్కన జపాన్‌లో 90 లక్షల ఇళ్లు ఖాళీ. నయా రాయ్‌పూర్ దిగులుపడక్కర్లేదు.

అసలు బేరం కొన్నాక మొదలవుతుంది. తాళం వేసి ఉంచినా నెలనెలా నిర్వహణ ఖర్చు, మరమ్మతుల నిధి కట్టాల్సిందే. లిఫ్టు, స్నానశాల, మంచు ఎత్తిపోయడం అన్నీ అందులోనే. ఏడాది తిరక్కుండానే ఆ ఖర్చు ఇంటి ధరను దాటిపోతుంది. పాత ఓనరు ఎగ్గొట్టిన బకాయిని కూడా ఫ్లాట్ల సంఘం కొత్తవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు, అక్కడి చట్టమే అంత. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు డబ్బులడిగితే "మాది మొదటి అంతస్తేగా, మెట్లెక్కుతాం" అని తలుపేసుకునేది ఎవరనుకున్నారు?

పెళ్లిచూపుల్లో జాతకం అడిగినట్టు అక్కడ పాత ఫ్లాటుకి ముందు పుట్టిన తేదీ అడుగుతారు. 1978 మియాగి భూకంపం తర్వాత, 1981 జూన్ 1 నుంచి నిర్మాణ నిబంధనలు బిగించారు. అంతకుముందు అనుమతి పొందిన భవనమంటే బ్యాంకులు మొహం చాటేస్తాయి. పన్ను లెక్కల్లో కాంక్రీటు ఇంటి ఆయుష్షు 47 ఏళ్లు. పడగొట్టి మళ్లీ కట్టాలంటే మామూలుగా ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. మా దగ్గర నీళ్ల ట్యాంకు కడిగించడానికే అన్ని ఓట్లు రాలేదు.

డబ్బు పంపడం కష్టం కాదు. రిజర్వ్ బ్యాంకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపనిస్తుంది. ఇల్లు కొనడానికైతే పది లక్షల రూపాయలు దాటిన సొమ్ముపై 20 శాతం టీసీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను. బాబాయిగారి అరవై వేలకి ఆ భయం లేదు. పిన్నిగారి భయమే.

"నెలవారీ డబ్బుకేముందయ్యా, రెండేళ్లు తిప్పుకుంటే సెక్రటరీయే విసిగి వదిలేస్తాడు."

అక్కడ వదలరు, కోర్టుకెళ్లి ఫ్లాటునే వేలం వేయిస్తారని చెప్పాను. బాబాయిగారు కాసేపు ఆలోచించి, ఆ వేలంలో పాడుకుంటే లక్ష యెన్‌ల లోపే వస్తుందేమో కనుక్కోమన్నారు.