విశ్వవిద్యాలయం వారి కోడలు

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మహిళా అధ్యయన కేంద్రాన్ని కనుక్కోవడం తేలిక. పాత భవనం, మెట్ల మలుపు, పరీక్షల విభాగం వారు జవాబుపత్రాల కట్టలు పేర్చుకున్న గదికి పక్క గది. తాళం వేసి ఉంటే అదే. తీసి ఉంటే మార్చి వచ్చిందన్నమాట.

ఫిబ్రవరి ఆఖర్లో రిజిస్ట్రారు ఆఫీసుకి ఆడవాళ్లు గుర్తొస్తారు. మహిళా దినోత్సవం ఘనంగా జరపాలని సర్క్యులర్ వస్తుంది. ముగ్గుల పోటీ, వంటల పోటీ, మెహందీ. 'ఇంటిచాకిరీ మీద సెమినార్ పెడదామనుకుంటున్నాం సార్' అని డైరెక్టర్ మేడమ్ అడిగితే 'పెట్టండమ్మా, భేషుగ్గా పెట్టండి. ముగ్గులయ్యాక టైముంటే పెట్టండి' అని అనుమతి దొరుకుతుంది. ఆ రోజు వేదిక మీద వీసీ గారు, రెక్టారు గారు, రిజిస్ట్రారు గారు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు, షామియానా ఖర్చు పెట్టుకున్న ఒక దాత. మేడమ్ అగ్గిపెట్టె పట్టుకుని దీపం పక్కన నిలబడతారు. స్త్రీ లేనిదే సృష్టి లేదని వీసీ గారు సెలవిస్తారు. నిజమే. పాలకమండలి మాత్రం నడిచిపోతుంది. తల్లిగా, చెల్లిగా, ఇల్లాలిగా అంటూ సాగే వరుసలో ప్రొఫెసరుగా అనే మాట వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. దేశం మొత్తం మీద పై చదువుల్లో అమ్మాయిల నమోదు రేటు 2021-22 సర్వేలో 28.5 శాతం, అబ్బాయిలది 28.3. పాఠాలు చెప్పేవాళ్లలో నూరుగురు మగవాళ్లకి 77 మంది ఆడవాళ్లు. ఇక కుర్చీలు ఎక్కేకొద్దీ ఎంతమంది మిగులుతారో వేదిక వైపు చూస్తే చాలు, సర్వే అక్కర్లేదు.

ఈ కేంద్రం విశ్వవిద్యాలయం ఇంటికి కోడలిగా ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. దేశంలో ఆడవాళ్ల స్థితి ఎలా ఉందో చూడమని 1971లో కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1974 చివర వచ్చిన నివేదిక, స్వాతంత్ర్యం వచ్చాక మెరుగుపడటం సంగతి అటుంచి, కొన్ని చోట్ల వెనక్కి పోయామని చెప్పింది. అదే ఏడాది బొంబాయిలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో నీరా దేశాయ్ పూనుకుని పరిశోధన విభాగం తెరిచారు. 1986 జాతీయ విద్యావిధానం మహిళా అధ్యయనాలను ప్రోత్సహించాలంది, యూజీసీ డబ్బు మూటగట్టి ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో కేంద్రాన్ని కాపురానికి పంపింది. పుట్టింటి నుంచి డబ్బు వచ్చినన్నాళ్లూ అత్తవారు బాగానే చూసుకున్నారు. అదీ ఐదేళ్ల ప్రణాళిక లెక్కన, ఏటికేడు దినదినగండం. 2017 మార్చితో పన్నెండో ప్రణాళిక ముగిసింది, ఆ పైన ప్రణాళికలే లేకుండా పోయాయి. అప్పటి నుంచి పుట్టింటి ఉత్తరం కోసం ఎదురుచూపు, అత్తింట్లో సణుగుడు.

సణిగినా చాకిరీ తప్పదు. హాస్టల్లో అమ్మాయిలు అలిగితే మేడమ్‌ని పిలవండి. మంత్రి గారొస్తున్నారు, పూలగుత్తి ఇవ్వడానికి విద్యార్థినుల్ని పంపండి. న్యాక్ బృందం వస్తోంది, జెండర్ సెన్సిటైజేషన్ ఫొటోలు కావాలి, పాతవైనా పర్లేదు. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలు కావాలి, మేడమ్ ఉన్నారుగా. మేడమ్ కింద ఇద్దరు గెస్ట్ లెక్చరర్లు. పాఠం చెప్పిన గంటకి డబ్బు, ఆ పాఠం తయారుచేసుకున్న నాలుగు గంటలకి నమస్కారం. వేసవి సెలవుల్లో అదీ లేదు. వాళ్లే బోర్డు ముందు నిలబడి, 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం రాని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్లలో, ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలూ మగవాళ్లు 97 నిమిషాలూ వెచ్చిస్తున్నారని చెబుతారు. ఉదాహరణకి ఊళ్లోకి వెళ్లక్కర్లేని పాఠం.

క్లాసులో ఏడుగురు. అందులో ముగ్గురు హాస్టల్ సీటు కోసం చేరి గ్రూప్-2కి చదువుకుంటున్నారు. వాళ్లని తప్పుపట్టను, రాష్ట్రంలో సగం ఎమ్మేలు ఆ సీటు మీదే బతుకుతున్నాయి.

అసలు కథ డిసర్టేషన్ దగ్గర. ఒకమ్మాయి హాస్టల్ గేటు మీద రాస్తానంది. రీసెర్చి చేసే ఇరవయ్యెనిమిదేళ్ల ఆడమనిషి ఎనిమిదింటికల్లా గేటు లోపల ఉండాలి, రోడ్డుకి అవతలున్న అబ్బాయిల హాస్టల్‌కి అసలు గేటే లేదు, ఎందుకు? గైడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'మంచి టాపిక్కేనమ్మా. కానీ మన ఇంటి విషయం మనమే రాసుకుంటే బావుండదు. డ్వాక్రా తీసుకో.'

డ్వాక్రా తీసుకోనివాళ్లెవరు? 'మహిళా సాధికారతలో స్వయం సహాయక సంఘాల పాత్ర: ఫలానా మండలం, ఒక పరిశీలన.' ఈ శీర్షికలో మండలం పేరు మారిస్తే ఒక డిగ్రీ. విశ్వవిద్యాలయానికి దగ్గర్లోని మండలాల్లో డ్వాక్రా అక్కలకి ప్రశ్నావళి కంఠతా వచ్చు. మన అమ్మాయి వెళ్లి అరుగు మీద కూర్చుని 'సంఘంలో చేరాక మీ సాధికారత పెరిగిందా అక్కా?' అని అడిగింది. 'పోయినేడు వచ్చినామెకి పెరిగిందనే చెప్పాం. నువ్వూ అదే రాసుకోమ్మా. టీ తాగుతావా?' అంది లీడరక్క. తర్వాత 'మరి మీ గేటు సంగతేమైంది?' అని కూడా అడిగింది. ఆ ప్రశ్న ప్రశ్నావళిలో లేదు కాబట్టి థీసిస్‌లోకి రాలేదు.

గేటు లేని చోట్ల మాత్రం ఈ చదువు బాగానే సాగింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి అక్షరాలు పట్టుకున్న భండారు అచ్చమాంబ, బడి మొహం చూడకుండానే నూరేళ్లకు పైగా క్రితం 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ముద్దుపళని కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిపాఠంతో అచ్చువేస్తే సర్కారు అశ్లీలమని నిషేధించింది, ప్రకాశం పంతులు గారి పుణ్యాన 1947లో విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ల నోటి మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో తెచ్చింది స్త్రీశక్తి సంఘటన. ఇప్పుడు వీళ్లంతా ఇంటర్వ్యూకి వస్తే బోర్డు వారు ఏమంటారు? అచ్చమాంబ గారూ, మీకు నెట్ ఉందా? నాగరత్నమ్మ గారూ, మీ ప్రచురణకి ఐఎస్‌బీఎన్ ఏదీ, నిషేధానికి ఏపీఐ పాయింట్లు ఇవ్వలేం. సంఘటన వారూ, రచయిత ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లు బయట కూర్చోండి.

ఇన్ని చెప్పినా, ఆ మెట్ల మలుపు గదిలో ఏదో జరుగుతూనే ఉంటుందనడానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లిన ఒక విద్యార్థిని, అరిసెలు తింటూ, పొలంలో తన వాటా ఎంతని నాన్నని అడిగిందట. సెలవులయ్యాక ఆయన మేడమ్‌కి ఫోన్ చేశాడు.

'ఏం చెబుతున్నారు మేడమ్ మా పిల్లకి?'

'చట్టమండీ. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు. దేశమంతా 2005లో ఇస్తే మన అసెంబ్లీ 1986లోనే ఇచ్చింది. మీకు తెలియదేమో.'

'తెలియకపోవడమేంటి మేడమ్! తెలిసేగా పెళ్లిళ్లకి ముందే మా చెల్లెళ్లిద్దరి చేతా సంతకాలు పెట్టించాను. ఆ సంగతి కూడా మా పిల్లకి మీరే చెప్పారా అని అడుగుతున్నా.'