ఏ పలకకి ఆ బలపమేనట!

మా రోజుల్లో కలం కొనడానికి కాగితం అనుమతి అక్కర్లేదు. కొట్టుకెళ్లామా, పాళీని బొటనవేలి గోటి మీద నొక్కి చూశామా, సిరాలో ముంచి అక్కడున్న చిత్తుకాగితం మీద మన పేరు గిలికామా, జేబుకి తగిలించుకొచ్చామా, అంతే. ఆ కలం లేపాక్షి నోటుబుక్కులో రాసేది, పోస్టుకార్డు మీద రాసేది, శుభలేఖ వెనకాల పాలవాడి లెక్క కూడా రాసేది. బలపమూ అంతే. మార్కాపురం పలక మీద ఏ ఊరి బలపమైనా గీత గీసేది. "నువ్వు మా కంపెనీ బలపానివి కావు" అని మొహం తిప్పుకున్న పలకని నేనెన్నడూ చూళ్లేదు.

ఇప్పుడు చూస్తున్నాను. మా మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ ఒకటి ఉంది ఇంట్లో. నోట్సు దాని మీదే రాసుకుంటుందట, పెన్ను కావాలంది. "రెండొందలిస్తాను, పట్రా" అన్నాను.

"అలా కాదు తాతయ్యా. మన ట్యాబ్‌కి ఏ పెన్ను పనిచేస్తుందో ముందు చూడాలి" అంది.

పెన్ను పనిచెయ్యడమేమిటండీ? సిరా ఉంటే రాస్తుంది, అయిపోతే రాయదు. కానీ నేను బతుకంతా పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఏ విషయమైనా మొదలంటా తవ్వితే గాని వదలను. కొట్టు కొట్టూ తిరిగి, అడగ్గా అడగ్గా తేలిన సంగతులివి. మీ ఇంట్లోనూ ఓ మనవడో మనవరాలో ఉండే ఉంటారు, పనికొస్తాయి.

అన్నిట్లోకీ చవకది రబ్బరు మొన పెన్ను. నూటయాభైకీ రెండొందలకీ ఫోన్ల సామాన్లమ్మే ప్రతి కొట్లోనూ దండ గుచ్చి వేలాడేసి ఉంటుంది. దాని లోపల ఏమీ లేదు. ట్యాబ్ గాజు కింద సన్నటి విద్యుత్ క్షేత్రం ఉంటుంది, మన వేలు తగిలితే అక్కడ అది మారుతుంది, ఆ మార్పుని పసిగట్టి "ఇక్కడ వేలు పెట్టారు" అనుకుంటుంది తెర. ఈ రబ్బరు పెన్ను ఆ వేలికి నకలు. మరీ సన్నగా ఉన్నదాన్ని తెర వేలని నమ్మదు కాబట్టి మొన మొద్దుగా చేస్తారు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు గీసుకోడానికి సరిపోతుందేమో. 'లక్ష్మి' అని రాసి చూడండి. మావత్తు ఎక్కడ పడుతోందో ఆ రబ్బరు కింద మనకి కనబడి చావదు.

అసలు మోసపోయేది దీని దగ్గర కాదు, తరవాత మెట్టు దగ్గర. ఎనిమిది వందలకో వెయ్యికో ఇంకోటి చూపిస్తాడు కొట్టువాడు. సన్నటి మొన, లోపల బ్యాటరీ, చార్జింగుకి టైప్-సి, వెనకాల మెరిసే లైటు. డబ్బా మీద "అన్ని ట్యాబ్‌లకూ, అన్ని ఫోన్లకూ" అని రాసుంటుంది. ఆ మాటే అనుమానించాలి. అన్నిటికీ పనిచేస్తుందంటే అర్థం, అది కూడా వేలి వేషమే వేస్తోందని. బ్యాటరీ బలంతో మొన దగ్గర సంకేతం పుట్టించి, మొన సన్నగా ఉన్నా వేలు తగిలినట్టే తెరని నమ్మిస్తుంది. తెరకి మాత్రం అది పెన్నని తెలీదు. అంచేత మనం అరచెయ్యి ఆనించగానే, పెన్నూ చెయ్యీ రెండూ వేళ్లే అనుకుని, చెయ్యి తగిలిన చోటల్లా గీతలు లాగుతుంది, లేకపోతే పేజీ జరిపేస్తుంది.

చూచిరాత నేర్పేటప్పుడు మా పంతులుగారు మొట్టమొదట చెప్పింది చెయ్యి ఆనించమని. మణికట్టు కిందికి దిగితేనే అక్షరం కుదురుగా వస్తుందనేవారు. అరచెయ్యి గాల్లో పెట్టి రాయమంటే క్లాసంతా అలా రాయగలరా ఎవరైనా? సంతకం పెట్టడానికీ, పాఠంలో ఓ లైను కింద గీత గీయడానికీ ఈ పెన్ను చాలు. గంటసేపు లెక్చరరు చెప్పింది రాసుకోడానికి పనికిరాదు. వెయ్యి రూపాయలు పోసి అది కొనేకంటే రెండొందల రబ్బరుదే నయం, పోయినా ఏడుపు తక్కువ.

మరి చెయ్యి ఆనించి రాసే పెన్ను? ఉంది. దానికి మాత్రం పెన్నుకీ ట్యాబ్‌కీ జాతకాలు కలవాలి. తెర లోపల పెన్నుని గుర్తుపట్టే ఏర్పాటు ముందే ఉండాలి, పెన్ను ఆ ఏర్పాటుకి తెలిసిన భాషే మాట్లాడాలి. ఒక్కో కంపెనీది ఒక్కో భాష. యాపిల్‌ది ఒకటి, శాంసంగ్‌ది ఒకటి, మైక్రోసాఫ్ట్‌ది ఇంకోటి. వన్‌ప్లస్, షావోమీ ఎవరి పెన్ను వాళ్లే అమ్ముకుంటారు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని యూఎస్ఐ అనే ప్రమాణం ఒకటి 2015లో మొదలెట్టారు గాని, అది చాలావరకు క్రోమ్‌బుక్కులనే లాప్‌టాప్‌ల దగ్గరే తిరుగుతోంది. మా రోజుల్లో బ్రిల్ సిరా పోసిన కలంలో అది అయిపోతే చెల్‌పార్క్ పోసేవాళ్లం. రెండు కంపెనీల సిరా కలిపితే పాళీ గడ్డకడుతుందని పెద్దవాళ్లు తిట్టేవారు, కడిగి పోసేవాళ్లం, అయిపోయేది.

శాంసంగ్ ఎస్-పెన్ను గురించి ఓ మంచి మాట చెప్పాలి, ఎందుకంటే నేను తిట్టనిది అదొక్కటే. జపాను వాళ్ల వేకమ్ కంపెనీ విద్య అది. ట్యాబ్ తెర కింద ఓ పలచటి పొర ఉంటుంది, అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులో ఉన్న తీగచుట్ట ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని తిరిగి జవాబిస్తుంది. రాయడానికి పెన్నులో బ్యాటరీ అక్కర్లేదు, చార్జింగు అక్కర్లేదు. ఆ పొర ఉంది కాబట్టి పెన్ను దగ్గరికొస్తే అది పెన్నని తెలుస్తుంది, అరచేతిని పట్టించుకోదు. 2020లో వచ్చిన ట్యాబ్ ఎస్6 లైట్‌తో ఆ పెన్ను డబ్బాలోనే ఇచ్చారు. స్టెడ్లర్ వాళ్లు ఇదే విద్యతో అచ్చం పెన్సిల్లాంటి డిజిటల్ పెన్సిల్ కూడా చేశారు. ఒక కంపెనీ పలక మీద ఇంకో కంపెనీ బలపం రాసిన సందర్భం ఈ కాలంలో నాకు మొదట కనబడింది ఇదే. అయితే ఒకటి గమనించండి. శాంసంగ్ పేరున్న ప్రతి ట్యాబ్‌లోనూ ఆ పొర ఉండదు. చవక రకాల్లో ఉండదు. లేని దానికి ఎస్-పెన్ను కొనిపెడితే చెవిలో పెట్టుకోడానికే.

యాపిల్ కథ వినాలి. 2007లో మొదటి ఐఫోన్ చూపిస్తూ స్టీవ్ జాబ్స్ స్టైలస్‌ని వేదిక మీదే ఎగతాళి చేశాడు. తియ్యాలి, పెట్టాలి, పారేసుకోవాలి, ఎవరిక్కావాలిదంతా, అందరికీ పుట్టుకతో వచ్చిన వేళ్లున్నాయి కదా అని. ఆయన పోయిన నాలుగేళ్లకి, 2015లో, అదే కంపెనీ యాపిల్ పెన్సిల్ తెచ్చింది. చార్జింగు పెట్టాలంటే దాన్ని ఐప్యాడ్ పక్కనున్న రంధ్రంలో గుచ్చి పొడుగ్గా నిలబెట్టాలి, ఎవరి మోచెయ్యి తగిలినా విరుగుతుందేమోనని కాపలా కాయాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సి రకం వచ్చినప్పటి ధర ₹7,900. మరుసటేడు వచ్చిన ప్రో రకం ₹11,900. కొడితే పోయే పాళీ లేదు, కారే సిరా లేదు, పోతే మాత్రం నెల పింఛనులో పెద్ద ముక్క పోతుంది.

ఐప్యాడ్ ఉన్నవాళ్లకి చవక దారి ఒకటుంది. 2018 నుంచి వచ్చిన ఐప్యాడ్‌లకి సరిపోయేలా బయటి కంపెనీలు చేసిన పెన్నులు రెండు మూడు వేల లోపే దొరుకుతున్నాయి. వీటితో చెయ్యి ఆనించి రాయొచ్చు. వీటిలో చాలావాటికి లేనిది ఒత్తిడి గుర్తింపు, అంటే నొక్కి రాస్తే లావుగా, తేలిగ్గా రాస్తే సన్నగా పడడం. బొమ్మలేసేవాళ్లకి అది కావాలి. నోట్సుకి ఎందుకు? శాంసంగ్ పెన్ను 4,096 స్థాయిల ఒత్తిడి పట్టుకుంటుందని కొట్టు కుర్రాడు గొప్పగా చెప్పాడు. పబ్లిక్ పరీక్షల ముందు హెడ్మాస్టరు నా మీద పెట్టిన ఒత్తిడికే అన్ని స్థాయిలు లేవు నాయనా అన్నాను. ఆ మాటకొస్తే యాపిల్ సొంత యూఎస్‌బీ-సి పెన్సిల్‌లో కూడా ఒత్తిడి గుర్తింపు లేదు. మరి దానికీ బయటి కంపెనీ పెన్నుకీ అయిదువేల తేడా ఎందుకో నోట్సు రాసుకునే పిల్లలు ఆలోచించుకోవాలి.

అసలు చవక ట్యాబ్‌ల సంగతొస్తే నాకు 2011 నాటి ఆకాశ్ గుర్తొస్తుంది. విద్యార్థులకని కేంద్రప్రభుత్వం పెట్టించిన ఆ ట్యాబ్‌ని మన హైదరాబాదులోనే బిగించారు. దాని తెర పాత రకం. పైపొర నొక్కితే కింది పొరకి తగిలి అక్కడ చుక్క పడేది. గోరైనా, కలం మూతయినా, అగ్గిపుల్లయినా రాసేవి. తెర మొరాయిస్తోందని అందరూ ఆడిపోసుకుంటే తరవాతి రకంలో వేలు తగిలితే పలికే తెర పెట్టారు. ఆ పాతదాని మీద కూడా చెయ్యి ఆనిస్తే గీతలు పడేవనుకోండి. కానీ పెన్ను ఖర్చు సున్నా.

మా రాజమండ్రి పేరెత్తకుండా కలాల సంగతి ముగించలేను. 1932లో ఇక్కడ మొదలైంది రత్నం పెన్ను. స్వదేశీ కలం చేసి పంపిస్తే 1935లో గాంధీగారు రత్నంగారికి ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని మరమీద తిప్పి, మరలు కోసి, పాళీ అమర్చి చేసే కలం అది. పాడైతే చేసినవాడి దగ్గరికే తీసుకెళ్తే బాగుచేసిచ్చేవాడు. ఈ చవక డిజిటల్ పెన్నులో బ్యాటరీ చస్తే బాగుచేసేవాడేడీ? మొన అరిగితే మార్చుకోవచ్చంటారు, నిజమే, కొనేటప్పుడే ఆ కంపెనీ మొనలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. గాజు మీద జారిపోతోందని, కాగితంలా ఉండాలని గరుకు ఫిల్ము అంటిస్తారు పిల్లలు. రాత కుదురుతుంది గాని మొన తొందరగా అరుగుతుంది. మేం పాళీని కావాలనే నున్నటి బండ మీద అరగదీసేవాళ్లం, మన చేతివాటానికి సరిపడేదాకా. పరీక్ష హాల్లో సిరా అయిపోతే పక్క బెంచీవాడు తన కలం మర విప్పి బల్ల మీద రెండు చుక్కలు వదిలేవాడు, మనం పాళీతో పీల్చుకునేవాళ్లం. చార్జింగు అయిపోతే పక్కవాణ్ణి రెండు చుక్కలు అడగమనండి చూద్దాం.

ట్యాబ్ మీద రాత దండగని నేననను. అయిదు సబ్జెక్టుల పుస్తకాలు మోసి పిల్లల భుజాలు వంగిపోవడం చూసినవాణ్ణి. లెక్చరరు పంపిన పాఠం పక్కనే సర్క్యూటు బొమ్మ గీసుకోవడం, తప్పు పోతే మరక లేకుండా చెరుపుకోవడం బాగానే ఉన్నాయి. నా గోలంతా లెక్క గురించి. పెన్ను ధర పెన్నులో లేదు, ట్యాబ్‌లో ఉంది. పెన్ను ఎరిగిన ట్యాబ్ అయితే రెండువేల పెన్నైనా హాయిగా రాస్తుంది. ఎరగని ట్యాబ్‌కి ఎంత ఖరీదు పెన్ను కొన్నా అది వేలే, లేకపోతే ఉత్త పుల్లే. మా ఇంట్లో ఉన్నది ఆ రెండో జాతి. అంచేత మనవరాలికి పెన్ను కొనలేదు. లాంగ్ నోటుబుక్కులో రాసుకుని ఫోన్లో ఫొటో తీసి దాచుకోమన్నాను, సణుక్కుంటూనే చేస్తోంది. ఈసారి ట్యాబ్ మార్చినప్పుడు పెన్ను డబ్బాలోనే ఇచ్చేది తీసుకుంటాం.

మీరు కొనబోతుంటే ఇది చెయ్యండి. ఆన్‌లైన్‌లో రేటు చూసి మురిసిపోకండి, మీ ట్యాబ్ పట్టుకుని కొట్టుకెళ్లండి. దాని మోడల్ పేరు పెన్ను డబ్బా మీద అచ్చయి ఉందో లేదో చూడండి, "అన్నిటికీ" అని ఉంటే వెనక్కిచ్చేయండి. మోడల్ పేరు ఉంటే, అరచెయ్యి పూర్తిగా ఆనించి, తొందరపడకుండా, ఒత్తులున్న తెలుగు మాటలు నాలుగు రాయండి. ఓ ఏటవాలు గీత మెల్లగా లాగండి, వంకర్లు పోతోందేమో చూడండి. సున్నాలూ చుక్కలూ ఎగిరిపోతున్నాయేమో, గీత మొన వెనకాల ఆలస్యంగా నడుస్తోందేమో గమనించండి. రాసి చూడనివ్వని కొట్లో పెన్ను కొనకండి.