మట్టి కమిషనర్ గారికి ఒక అర్జీ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
కుళ్ళబెట్టు శాఖ,
ప్రధాన కార్యాలయం: మా కాళ్ళ కింద, జానెడు లోతున.

విషయం: బతుకమ్మ పువ్వులకు వెంటనే మంజూరు, బతుకమ్మ చీరకు ఏళ్ళ తరబడి పెండింగు. మీ శాఖ చూపుతున్న పక్షపాతం గురించి.

అయ్యా,

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల తరఫున పెట్టుకుంటున్న అర్జీ ఇది. మాకు మున్సిపల్ కమిషనర్లు లేక మీ దగ్గరికి రాలేదు. వాళ్ళు ఇంటింటికీ రెండు బుట్టలన్నారు, పొద్దున్నే పాట పెట్టుకొని వచ్చే ఆటోలు పంపుతున్నారు. కానీ ఏది ఎరువో ఏది చెత్తో చివరికి తేల్చే సంతకం మీదేనని తెలిసింది. అందుకే నేరుగా పై ఆఫీసుకు రాస్తున్నాం. మీది పై ఆఫీసు కాదు, కింది ఆఫీసు. అయినా పై ఆఫీసే.

పండుగ ఆఖరి రోజు, సద్దుల నాటి రాత్రి చెరువులో వదిలిన బతుకమ్మనే తీసుకోండి. తంగేడు రేకులు ముందు నల్లబడతాయి. బంతి ముద్దకట్టి జారిపోతుంది. గునుగు మొండిది, ఇంకొన్నాళ్ళు తేలుతుంది. ఆ తర్వాత అదీ ఒండ్రులో కలిసిపోతుంది. మీ సిబ్బంది పనితనానికి వంక పెట్టలేం. మరి ఆ బతుకమ్మను నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆడమనిషి కట్టుకున్న చీర సంగతేమిటి? 2017 నుంచి కొన్నేళ్ళపాటు ఏటా కోటి దాకా చీరలు సర్కారు పంచింది. ఎక్కువగా సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద నేసిన పాలిస్టర్ చీరలు. పండుగ ఒకటే, పేరూ ఒకటే. పువ్వుకొక న్యాయం, చీరకొక న్యాయమా?

మీ జవాబు మేం ఊహించగలం. ఆకు, పువ్వు, పత్తి, కాగితం అన్నిటా ఉన్నది సెల్యులోజ్. దాన్ని ముక్కలు చేసే ఎంజైములు మీ బ్యాక్టీరియాకు, బూజులకు కోట్ల ఏళ్ళ నాడే అబ్బాయి. పాలిస్టరేమో 1941లో ఇంగ్లండులో పుట్టిన పసికూన. పెట్రోలియం నుంచి తీసిన రసాయనాలను గొలుసుగా కలిపి, కరిగించి, సాగదీసిన పోగు. మా చేతిలోని మంచినీళ్ళ సీసా కూడా ఆ సరుకే. 'ఈ గొలుసు తెంపే కత్తెర మా దగ్గర లేదు' అని మీరు ఫైలు పక్కన పెట్టేశారు.

ఈ తేడా తెలుసుకోవడానికి సిరిసిల్లలో ప్రయోగశాల అక్కర్లేదు. ఏ ఆసామిని అడిగినా ఓ పోగు తెంపి అగ్గిపుల్ల గీసి చూపిస్తాడు. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వేస్తూ బూడిదైపోతుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి. పాలిస్టరు మంట తగలగానే ముడుచుకుంటుంది, కరుగుతుంది, చల్లారాక కొసన నల్లటి పూసై కూర్చుంటుంది. గోటితో నొక్కినా చితకదు. మొదటి ఏడాది చీరలు నాసిరకమని కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు కుప్పపోసి తగలబెట్టారు. నాణ్యత మీద గొడవ జరిగింది, కొన్ని సూరత్ నుంచి తెచ్చారని గొడవ జరిగింది, రాజకీయం సరేసరి. ఆ మిగిలిన పూసలు ఎక్కడికి పోయాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇది నేతవాళ్ళ మీద ఫిర్యాదు కాదని మనవి. సాంచాలు ఆగిపోతే ఇళ్ళలో ఏం జరుగుతుందో, ఎన్ని ఆత్మహత్యలో చూసిన ఊరది. ఆర్డరు వస్తే బీములు ఎక్కుతాయి, కండెలు చుట్టే ఆడవాళ్ళకు నాలుగు పైసలొస్తాయి. గుడ్డ పత్తిదా పాలిస్టరుదా అని ఎంచుకునే వీలు ఆర్డరు రాసే చేతికే ఉంటుంది, సాంచా నడిపే చేతికి ఉండదు.

పైగా మా దగ్గర చీర అంత తొందరగా చెత్త కాదు. కట్టినన్నాళ్ళు కట్టి, బొంతకు పైగుడ్డ చేసి, ఆఖరికి అడవిపందులు రాకుండా మక్కచేను చుట్టూ కట్టెలకు కడతాం. అక్కడ ఎండకు వెలిసి, పోగులు పోగులుగా విడిపోయి, దుక్కి నాడు రోటావేటర్ పళ్ళకు చుట్టుకుంటుంది. ట్రాక్టరు ఆపి, కొడవలితో కోసి, ఉండచుట్టి గట్టు మీదికి విసిరేస్తారు. మరుసటేడు వచ్చి చూస్తే ఉండ అట్లాగే ఉంటుంది. దాని కింద పడిన మక్క కట్టెకు మాత్రం ఆనవాలు లేదు. అదే గట్టు, అదే వాన. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి మీ పక్షపాతానికి?

మా వైపునా తప్పులున్నాయి, దాచం. కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాకిళ్ళలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్ళున్నారు. కత్తిరించగా రాలిన తునికాకు ముక్కలు ఎండినవి కదా అని పొడి బుట్టలో పడుతుంటాయి. పాలు కారుతున్న ప్యాకెట్టు తడి బుట్టలోకి పోతుంది. మీ ఆఫీసులో తడి, పొడి లెక్క లేదని, తినగలరా లేదా అన్నదొక్కటే లెక్కని మాకు ఎవరూ చెప్పలేదు. సిగరెట్ పీక సంగతి ఇంకా అన్యాయం. దాని ఫిల్టరు కూడా చెట్టు గుజ్జు నుంచి వచ్చిందే. రసాయనం కలిసి సెల్యులోజ్ అసిటేట్ కాగానే మీవాళ్ళు సొంత చుట్టాన్ని గుర్తుపట్టరు. బీడీ పీక మట్టిలో కలుస్తుంది, సిగరెట్ పీక ఏళ్ళకేళ్ళు పడి ఉంటుంది.

ఇక మీ బ్రాంచి ఆఫీసు గురించి. గడ్డిని అరిగించేది ఆవు కాదనీ, దాని పెద్ద పొట్టలో కాపురమున్న మీ సిబ్బందేననీ పశువుల డాక్టర్లు చెప్తారు. మేం మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో పోసి, గట్టిగా ముడివేసి బజార్లో పారేస్తాం. ఆవుకు ముడి విప్పే చేతుల్లేవు. కవరుతో సహా మింగుతుంది. లోపల కవర్లు ఒకదానికొకటి చుట్టుకొని, తాడులా పెనవేసుకొని, మేతకు చోటు లేకుండా చేస్తాయి. పశువు కడుపు ఉబ్బి, డొక్కలు ఎండి నిలబడుతుంది. ఎడమ డొక్క కోసి, చెయ్యి పెట్టి, బారలకొద్దీ కవర్లు లాగడం పశువైద్య విద్యార్థులకు ఒక పాఠం. కోరుట్లలో ఏకంగా కళాశాలే ఉంది. కవరు మందం 120 మైక్రాన్లకు తగ్గరాదని 2022 డిసెంబరు 31 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. కొత్తిమీర కట్ట ఇచ్చే కవరుకు ఆ సంగతి ఇంకా అందలేదు.

ముడివేసిన కవరు ఆవు నోటికి చిక్కకుండా డంపింగ్ యార్డుకు చేరినా లాభం లేదు. లోపలున్నది మీరు ఇట్టే ముగించగల ఫైలే. గాలి ఆడక అది మురిగి మీథేన్ అవుతుంది. ఎండాకాలం నిప్పంటుకుంటే ఊరంతా పొగ. అంటే మీరు తీసుకునేదాన్ని మీరు తీసుకోనిదానిలో మూటగట్టి మీకే పంపుతున్నాం. ఈ ఒక్క విషయంలో మీ జాప్యానికి మేమే బాధ్యులం.

చివరిగా, 2016 సంగతి. ఆ ఏడు ఏప్రిల్‌లో చెత్తను ఇంట్లోనే వేరుచేయాలన్న కొత్త నిబంధనలు వచ్చాయి. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. మార్చిలో జపాన్‌లోని సకాయ్ దగ్గర, సీసాలు రీసైకిల్ చేసే చోట, మీ శాఖలో కొత్త ఉద్యోగి దొరికాడని లోకానికి తెలిసింది: ఇడియొనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియా. పాలిస్టర్ సరుకునే తింటాడట. పల్చటి పొరను 30 డిగ్రీల వేడిలో ఆరు వారాల్లో దాదాపు పూర్తి చేశాడట. గట్టిగా సాగదీసిన పోగు మాత్రం అంత సులువుగా లొంగదట. అంటే ఆయనకూ చీర కష్టమే. అయినా ఆయన్ని డెప్యుటేషన్ మీద సిరిసిల్లకు పంపే వీలుందేమో తెలియజేయగలరు. వీలు లేకుంటే ఆ మాట రాతపూర్వకంగా ఇప్పించండి. ఈసారి చీరల ఆర్డరు రాసేవారి బల్ల మీద పెడతాం.

ఇట్లు,
మూడు పట్టణాల చెత్తదారులు

జతపరచినవి: 1. గునుగు పువ్వు ఒకటి. 2. చీర కొంగు ముక్క ఒకటి.
(మొదటిదానికి రసీదు అక్కర్లేదు.)