స్థూలకాయ విషాద యోగం

ఒళ్లు తగ్గించుకోవడానికి మనవాళ్లు చెయ్యని పని లేదు. 2018 ప్రాంతంలో ఊరూవాడా కొబ్బరినూనె తాగింది. తర్వాత కొర్రలూ అండుకొర్రలూ వండుకుంది. ఉప్పూ నూనే లేని కూరలు తిని ఇంట్లోవాళ్ల మీద కసురుకుంది. ఇంత గోల మధ్యలోంచి, చొక్కా నలగకుండా, ఇంకో జాతి పుట్టుకొచ్చింది. వీళ్లు తిండి మానరు, నడకకి పోరు. చదువుతారు. పొట్టకి మూలం మనసులో ఉందనీ, మనసుకి మందు పుస్తకంలో ఉందనీ, ఆ పుస్తకం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తగ్గింపు ధరకి దొరుకుతుందనీ వీళ్ల నమ్మకం.

మీ వీధిలోనూ ఒకరుంటారు. గుర్తుపట్టడం తేలిక. చేతిలో ఆధ్యాత్మిక గ్రంథం, చదువుతున్న పేజీలో గుర్తుగా ఒక పెళ్లి శుభలేఖ. ఆ పెళ్లి భోజనం ఇంకా అరిగి ఉండదు.

మా కాలనీ ప్రతినిధి బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. అందరూ మేనేజరు గారనే అంటాం. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 92 కిలోలు. మగవాడి నడుం కొలత 90 సెంటీమీటర్లు దాటకూడదని డాక్టర్లు అంటారు. దర్జీ టేపు తియ్యగానే మేనేజరు గారు ఊపిరి లోపలికి లాగి బిగబడతారు. ఆయన ప్రాణాయామ సాధన అంతవరకే వచ్చింది.

తొలి గురువు రోండా బర్న్. ఆస్ట్రేలియాలో టీవీ కార్యక్రమాలు తీసుకునే ఆవిడ 2006లో ‘ది సీక్రెట్’ రాసి లోకాన్ని ఊపేసింది. తిండి వల్ల ఒళ్లు రాదట, తింటే ఒళ్లొస్తుందన్న తలంపు వల్ల వస్తుందట. ఆ పేజీ దగ్గర మేనేజరు గారికి కళ్లు చెమర్చాయి. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఆయన అనుమానం అదే. ఆ సాయంత్రం పునుగుల పొట్లం విప్పి, ‘ఇవి నన్నేం చెయ్యవు’ అని మూడుసార్లు అనుకుని తిన్నారు. పునుగులు ఎదురు చెప్పలేదు.

లావుగా ఉన్నవాళ్ల మీద దృష్టి పెట్టొద్దని కూడా ఆ పుస్తకంలో ఒక సలహా ఉంది. అమలు చెయ్యబోతే ముందు బావమరిదితో తేడా వచ్చింది. ఆయన ఇంటికొస్తే ఈయన గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ మాట్లాడేవారు. ‘బావగారికి నేను రావడం ఇష్టం లేనట్టుంది, తిథి చూసుకుంటున్నారు’ అని ఆయన చెల్లెలి దగ్గర వాపోయాడు. అంతకంటే చిక్కు గడ్డం గీసుకోవడం దగ్గరొచ్చింది. అద్దంలోకి చూడకూడదు కదా. చెంప మీద ప్లాస్టరుతో కనపడితే, చదువు బాగా సాగుతోందని మేం అర్థం చేసుకునేవాళ్లం.

మూడో సలహా ఇంకా ముచ్చటైనది. కావలసిన బరువు కాగితం మీద రాసి, మిషను మీద అంకె కనపడే చోట అంటించుకోవాలి. లేదంటే తూచుకోవడమే మానెయ్యాలి. మేనేజరు గారు నల్ల స్కెచ్ పెన్నుతో 68 అని రాసి అంటించారు. బ్యాంకు దస్తూరీ, అచ్చుగుద్దినట్టుంది. వేసవి సెలవులకొచ్చిన మనవడు, రెండో తరగతి పిల్లాడు, ఎక్కి చూసి, ‘తాతా, నేను 68’ అని వీధంతా చెప్పుకొచ్చాడు. ఒకనాడు బియ్యం కొట్టు కుర్రాడు 25 కిలోల బస్తా తెచ్చాడు. ఆ ఇంటావిడ ఏ సరుకైనా తూచుకోనిదే డబ్బివ్వదు. బస్తా మిషను మీద పెట్టించింది. 68. కుర్రాడు దించి మళ్లీ పెట్టాడు. 68. వాడి మొహాన నెత్తురు చుక్క లేదు. ‘అమ్మా, మా సేటుకి తెలిస్తే జీతంలో కోస్తాడు, మిగతాది పట్టుకుపోతాను’ అని బతిమాలుకుంటున్నాడు. ఆవిడ వంగి చూసి, గోటితో కాగితం ఊడబెరికి, ‘ఏమండీ, ఇలా ఒకసారి రండి’ అంది. తొలి గురువు అటక మీదికి చేరిన వైనం అది.

రెండో గురువు మేరియన్ విలియమ్సన్. అమెరికా అధ్యక్ష పదవికి డెమొక్రాట్ల అభ్యర్థిత్వం కోసం రెండు ఎన్నికల్లో బరిలోకి దిగిన ఆవిడే. 2010లో ‘ఎ కోర్స్ ఇన్ వెయిట్ లాస్’ రాసింది. 21 పాఠాలు. ఇంట్లో ఒక పూజాస్థానం ఏర్పాటు చేసుకోమని ఒక పాఠం. తెలుగింట్లో దేవుడి దగ్గర దీపం పెడితే ఊరికే కూర్చోడనీ, నైవేద్యం అడుగుతాడనీ ఆవిడకి ఎవరు చెబుతారు? కొత్త పీట వేశారు, పటం పెట్టారు, రోజూ అరసోలెడు చక్కెర పొంగలి. ప్రసాదం వద్దనడం అపచారం. మరో పాఠం ఆహారంతో ప్రేమలో పడమంటుంది. మేనేజరు గారు ఆ పాఠం ఒక్క పూటలో ముగించేశారు. ఆ ప్రేమకి స్వర్ణోత్సవం ఎప్పుడో అయిపోయింది.

అసలు కథ గాయం దగ్గర వచ్చింది. ఈ తరహా పుస్తకాలన్నీ, అదే ఏడాది వచ్చిన జెనీన్ రాత్ ‘విమెన్ ఫుడ్ అండ్ గాడ్’తో సహా, ఒక మాట పట్టుకుంటాయి. మనిషి ఆకలితో అతిగా తినడు, లోపలి వెలితితో తింటాడు. ఆ వెలితి వెతుక్కో, దానితో కూర్చో. మేనేజరు గారు కళ్లు మూసుకుని బాల్యంలోకి వెళ్లారు. అక్కడ గాయమేదీ కనపడలేదు. పెరట్లో కుంపటి, మీగడ గిన్నె, ‘ఇంకో ముద్ద, నా తండ్రివి కదూ’ అనే నాయనమ్మ. మళ్లీ వెతికారు. ఈసారి నాయనమ్మ చేతిలో అప్పడం కూడా ఉంది. ఇక లాభం లేదని తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్న తల్లికి ఫోన్ చేశారు.

‘అమ్మా, చిన్నప్పుడు నన్నెప్పుడైనా పస్తు పడుకోబెట్టావా?’

అవతల కాసేపు మాట లేదు. ‘ఎవర్రా ఆ మాటన్నది? మీ మేనత్తేనా?’

‘ఎవరూ అన్లేదమ్మా. పుస్తకంలో ఉంటే...’

‘నన్ను గురించి పుస్తకంలో కూడా రాశారా?’

మూడోనాడు బస్సులో డబ్బా వచ్చింది. నిండా సున్నుండలు. పైన చీటీ, ‘నాన్నా, అమ్మ ఏ లోటూ చెయ్యలేదు’. మేనేజరు గారు ఒక్కొక్కటే తింటూ నిజంగానే ఏడ్చారట. బాధతో తినడమంటే ఏమిటో ఆయనకి మొదటిసారి అనుభవంలోకి వచ్చింది.

నాకు ఆ పుస్తకాల మీద పగ లేదు. అర్ధరాత్రి ఎవరికీ కనపడకుండా ఫ్రిజ్జు తెరిచేవాళ్లున్నారు, దుఃఖం దిగమింగడానికి అన్నం మింగేవాళ్లున్నారు. అలాంటివాళ్లు తినేముందు ఒక్క నిమిషం ఆగి తమని తాము చూసుకుంటే ఆ ఆబ తగ్గుతుందని మానసిక వైద్యులూ అంటారు. కిలోలు మాత్రం పెద్దగా దిగవు, అది వేరే లెక్క. కానీ మేనేజరు గారిది దుఃఖం కాదే. ఆయన తినేది సంతోషంతో. పెసరట్టు కరకరలాడింది కాబట్టి, అందులో ఉప్మా పడింది కాబట్టి, పెళ్లిలో వడ్డించేవాడు చెయ్యి అడ్డం పెట్టినా మర్యాదకి ఇంకో బూరె వేశాడు కాబట్టి. లోపల ఏ వెలితీ లేదు, ఖాళీ అసలే లేదు. మనిషి సుఖంగా ఉండటం వల్ల లావెక్కితే ఏం చెయ్యాలో ఏ గురువూ రాయలేదు. సుఖం మానెయ్యమని రాస్తే పుస్తకం అమ్ముడుపోదు.

విదేశీ గురువులు లాభం లేదని స్వదేశానికి దిగారు. భగవద్గీత తెరిచారు. ఆరో అధ్యాయంలో, అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ యోగం కుదరదనీ, తిండీ తిరుగుడూ నిద్రా మితంగా ఉండాలనీ కృష్ణుడు రెండు శ్లోకాల్లో తేల్చేశాడు. బరువు గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. అందుకే మేనేజరు గారికి అది ఆనలేదు. రెండు శ్లోకాలు ఎంతసేపు చదువుతాం? తిన్నగా పదిహేడో అధ్యాయానికి పోయారు. అక్కడ సాత్వికాహారం రసవంతంగా, చమురు కలిగి, మనసుకి హాయిగా ఉంటుందని ఉంది. ఆ మధ్య మాట కింద ఎర్రగీత పడింది. ఆనాటి నుంచి ఆయన పప్పులో నెయ్యికి శాస్త్ర ప్రమాణం ఉంది. భార్య నేతిగిన్నె దాస్తే, ‘భగవంతుడి మాట కాదంటావా?’ అనేవారు.

ఏకాదశి ఉపవాసం కూడా పట్టారు. ఉపవాసమంటే అన్నం ముట్టరు. బొంబాయిరవ్వ ఉప్మా, జీడిపప్పుతో. నాలుగు అరటిపళ్లు, గ్లాసుడు చిక్కటి పాలు. రాత్రికి నీరసం రాకుండా రెండు దోసెలు. మర్నాడు ద్వాదశి పారణ సంగతి చెప్పనే అక్కర్లేదు.

‘ఒక యోగి ఆత్మకథ’ ఆయనకి అన్నిటికంటే నచ్చింది. పరమహంస యోగానంద 1946లో ప్రచురించిన ఆ పుస్తకంలో గిరిబాల అనే బెంగాలీ యోగిని ఉంటుంది. యాభై ఏళ్లకి పైగా ఏమీ తినలేదని యోగానంద రాశారు. ఆ కిటుకు నలుగురికీ చెప్పకూడదా అంటే, అందరూ తిండి మానేస్తే రైతులు సంతోషించరన్న అర్థం వచ్చేలా ఆవిడ జవాబిస్తుంది. మేనేజరు గారు అక్కడ పుస్తకం మూసి, కళ్లకద్దుకున్నారు. ‘కృష్ణా డెల్టా రైతు సంగతి మనం ఆలోచించకపోతే ఎవరు ఆలోచిస్తారండీ?’ అని నన్నే అడిగారు. పైగా బక్కపల్చగా ఉన్న యోగానందకి గురువు మాటతో ఒళ్లొచ్చిందని కూడా అందులోనే ఉంది. మనోబలంతో బరువు మారడమంటూ ఆ పుస్తకంలో జరిగింది ఆ దిశలోనే.

ఈ వ్యాపారం నిన్నా మొన్నా మొదలైంది కాదు. చార్లీ షెడ్ అనే అమెరికా పాస్టరు 1957లోనే ప్రార్థనతో బరువు పోగొట్టుకోమని ‘ప్రే యువర్ వెయిట్ అవే’ రాశాడు. ఆ ఏడే పని జరిగిపోయి ఉంటే 2010లో 21 పాఠాల అవసరం ఎవరికుండేది? ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల దాకా లెక్క తేలాలి. పెద్ద చెంచాడు నెయ్యి, 15 గ్రాములు, 135 కేలరీలు. మేనేజరు గారు ముప్ఫై ఏళ్లు డెబిట్టూ క్రెడిట్టూ చూసిన మనిషి, ఈ లెక్క అర్థం కాక కాదు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024లో పదిహేడు మార్గదర్శకాలు విడుదల చేసింది, కాసు ఖర్చు లేకుండా చదువుకోవచ్చని ఒకసారి చెప్పాను. తెప్పించుకుని చూశారు. ‘బాగుందండీ, కానీ ఇందులో ఆత్మ ప్రస్తావన లేదు’ అన్నారు.

ఒక్క మార్పు మాత్రం ఒప్పుకోవాలి. మనిషి మెత్తబడ్డారు. ఇదివరకు రెండోసారి వడ్డించుకున్నాక మొహం ముడుచుకునేవారు, రాత్రంతా తనని తాను తిట్టుకునేవారు. ఇప్పుడు తనని తాను క్షమించేస్తున్నారు, అదీ చెయ్యి కడుక్కోకముందే. ఆ పుస్తకాల వల్ల ఏదైనా కరిగిందంటే అది పశ్చాత్తాపమే.

కిందటి నెల రక్తపరీక్షలో సుగర్ అంచు మీదికొచ్చింది. డాక్టరు ఒక్క ముక్కలో తేల్చాడు. రోజూ నలభై నిమిషాలు నడవండి. ‘దీని మీద మంచి పుస్తకం ఏదైనా ఉందాండీ?’ అని మేనేజరు గారు అడిగారు. డాక్టరు ఏమన్నాడో తెలియదు గానీ, పుస్తకం వచ్చేసింది. వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ న్యాట్ హాన్ రాసిన ‘హౌ టు వాక్’. చిన్న పుస్తకం, మంచి పుస్తకం. అడుగు అడుగునా ఊపిరిని గమనిస్తూ, ఎక్కడికో చేరాలన్న తొందర లేకుండా నడవమంటుంది. తొందర లేకపోవడం మేనేజరు గారికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇప్పుడు మా పార్కులో తెల్లవారుజామున ఆరింటికి ఆయన బయల్దేరతారు. కుడికాలు ఎత్తుతారు, శ్వాస తీస్తారు, కాలు ఆనిస్తారు, శ్వాస వదులుతారు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి డాక్టరు చెప్పిన నలభై నిమిషాలూ అయిపోతాయి. బాట ఇరుకు. వెనకాల పెన్షనర్లంతా పోగుపడి, రథం వెంట భక్తుల్లా కదులుతుంటారు. భార్య చీరకుచ్చెళ్లు ఎగదోపుకుని పక్క గడ్డిలోంచి నాలుగోసారి దాటిపోతూ, ‘నేను పాల ప్యాకెట్లు తీసుకుని ఇంటికి పోతున్నానండీ’ అంటుంది. ఆయన జవాబివ్వరు, అప్పుడు శ్వాస లోపలుంటుంది.

మొన్న వెనక వస్తున్న రిటైర్డు హెడ్మాస్టరు గారికి జాలేసింది.

‘ఏం మేనేజరు గారూ, మోకాళ్లా?’

‘కాదండీ. ఎరుక.’

‘అయ్యో. మా బావగారికీ వచ్చింది. వారం రోజులు జండూబామ్ రాస్తే పోయింది.’