ప్రోమోకి ముందు ప్రోమో

పాటకు ముందు ప్రోమో, ప్రోమోకు ముందు పోస్టర్, పోస్టర్‌కు ముందు ‘రేపు ఉదయం 11.07కి’ అని ఓ ప్రకటన. సినిమా పాటకిప్పుడు పెళ్లికంటే ఎక్కువ ముహూర్తాలు! 24 గంటలు గడిచాక వ్యూస్ ఎన్నో చెప్పే పోస్టర్ ఇంకోటి. రాగమేదో, రాసిందెవరో మాత్రం వెతుక్కోవాలి.

1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు కథానాయకుడు నడివయసు జె.వి. సోమయాజులు. స్టెప్పుల్లేవు, స్టార్ లేడు. అయినా సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం జాతీయ అవార్డులు అందుకున్నారు. పాట ట్రెండింగ్‌లో ఎన్నో నంబరని ఎవరూ అడగలేదు.

ఇప్పటి చెవులకు హీరోగారి సిఫారసు కావాలి.

పన్నెండు మెట్ల కిన్నెరతో ఊరూరా వీరగాథలు పాడిన దర్శనం మొగులయ్య గొంతు చాలామందికి తెలిసింది 2021లో, ‘భీమ్లా నాయక్’ పాటతో. 2022లో పద్మశ్రీ వచ్చింది. అభినందనలు వెల్లువెత్తాయి. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. ఆ వీడియోకు షేర్లు దండిగానే పడ్డాయి. పద్మశ్రీకి కూలిపనేమిటని గుండెలు బాదుకున్న చర్చల్లో కిన్నెర ఎంతసేపు మోగిందో ఛానళ్లే చెప్పాలి!